ఆకులు కట్టుకుంటే మనకీ ప్రైజు వచ్చేదా?

పోస్టు కొంచెం పెద్దదైంది. తీరిక చూసుకునైనా చివరిదాకా చదవండి.

ఆగస్టు 9న మండల కేంద్రంలో ఆదివాసీ దినోత్సవం జరిగింది. చుట్టుపక్కల ప్రాథమిక బడుల నుంచి పిల్లల్ని తీసుకొచ్చి డాన్సు పోటీలు పెట్టారు. మా ఊరి బడి నుంచి కూడా ఎనిమిది మంది పిల్లలు వెళ్ళారు. వాళ్ళని జీపులో తీసుకెళ్ళి, ఆడించి, తిరిగి ఊరికి చేర్చే పని మాస్టారు మాకు అప్పగించారు. మా పిల్లలకి ప్రైజు రాలేదు. ఫస్టు ప్రైజు వేరే బడికి వచ్చింది. ఆ పిల్లలు నడుముకి ఆకులు కట్టుకుని, ముఖాలకి తెల్ల చుక్కలు పెట్టుకుని, తలకి కోడి ఈకలు గుచ్చుకుని ఒక సినిమా పాటకి గెంతారు. ఆ వీడియోనే మన గ్రూపులో రెండు రోజులు తిరిగింది. అందరూ చప్పట్లు, పూలు పెట్టారు. అబద్ధం ఎందుకు, మాలో ఇద్దరం కూడా లైకు కొట్టాం.

ఘాటీ ఎక్కి తిరిగొస్తుంటే జీపులో నాలుగో తరగతి పాప అడిగింది: "అన్నా, మనం కూడా ఆకులు కట్టుకుంటే మనకీ ప్రైజు వచ్చేదా?"

మేం నలుగురం ఉన్నాం జీపులో. ఒక్కరం కూడా జవాబు చెప్పలేకపోయాం. ఆ పాపకి చెప్పాల్సిన జవాబు వెతుక్కుంటూ రాసిన పోస్టు ఇది.

మేం ఎవరమో ముందు చెప్పాలి. సీతంపేట ఏజెన్సీలో ఒకే పంచాయతీకి చెందిన రెండు కొండ ఊళ్ళ పిల్లలం. ముగ్గురం సవరలం, ఒకరు జాతాపు. ఇప్పుడు డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉంటున్నాం. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మా అమ్మానాన్నలు పోడు చేసుకుంటారు, జీడి పిక్కలు ఏరుతారు, కొండ చీపుర్లు కట్టి సంతకి మోస్తారు. మా నలుగురి చదువూ ఊళ్ళో ఉన్న ఆ ఒక్క గది బడిలోనే మొదలైంది. ఐదు తరగతులు, ఒక మాస్టారు, ఒక బోర్డు.

ఆ బడి పండగలంటే మాకు ఇష్టం లేదని ఎవరూ అనుకోవద్దు. మా చిన్నతనంలో బాగా గుర్తున్నవి అవే. ఆగస్టు 15 వస్తోందంటే నాలుగు రోజుల ముందే బడి ముందు గడ్డి పీకేవాళ్ళం. ఆడపిల్లలు పేడ కళ్ళాపి జల్లి ముగ్గులు వేసేవాళ్ళు. మైదా పిండి ఉడికించి, రంగు కాగితాలు కత్తిరించి పురికొసకి అంటించేవాళ్ళం. రాత్రి వాన పడితే ఆ కాగితాల రంగంతా గోడకి కారిపోయేది. మా నాన్నల్లో ఎవరో ఒకరు అడవికెళ్ళి జెండాకి నిటారుగా ఉన్న వెదురు బొంగు కొట్టుకొచ్చేవాడు. పొద్దున్నే ప్రభాతభేరి. జై కొట్టుకుంటూ ఊరంతా తిరిగితే కుక్కలు మొరుగుతూ మా వెనకాలే వచ్చేవి. చివర్లో చేతికి రెండు చాక్లెట్లు. ఒకటి అక్కడే తిని, ఇంకోటి ఇంట్లో చిన్న పిల్లలకి జేబులో దాచుకునేవాళ్ళం. ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, ఊరంతా మనల్ని చూస్తుంటే నడిచామంటే అది ఆ రోజే. పండగలు లేని బడి మాకొద్దు. బడి పండగల్లో మన ఊరికి చోటెక్కడ అన్నదే మా ప్రశ్న.

ఎందుకంటే ఆ రోజు మా అమ్మలు ఎక్కడుండేవాళ్ళో కూడా గుర్తుంది. కంచె బయట చింతచెట్టు కింద. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. బొంగు తెచ్చినాయన కూడా అక్కడే నిలబడేవాడు. లోపల మేం ఉపన్యాసాలు ఇచ్చేవాళ్ళం. "గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులకు" అని మొదలుపెట్టి ఒక్క గుక్కలో అప్పజెప్పేవాళ్ళం. మాలో ఒకడు మూడో తరగతిలో స్వాతంత్ర్య సమరం గురించి పది వాక్యాలు చెప్పి పెన్సిలు బహుమతి తెచ్చుకున్నాడు. "సమరం" అంటే ఏంటో వాడికి తెలిసింది ఏడో తరగతిలో. బయట నిలబడ్డ వాళ్ళమ్మకి ఆ పది వాక్యాల్లో తెలిసిన మాట ఒకటే, కొడుకు పేరు.

వేషాల పోటీ సంగతి చెప్తాం. ఏటా ఒక గాంధీ, ఒక భారతమాత, ఒక అల్లూరి సీతారామరాజు. అల్లూరి వేషానికి విల్లంబులు కావాలని టౌను నుంచి ప్లాస్టిక్‌వి కొనితెచ్చేవాళ్ళు. ఆ వేషం వేసినవాడి ఇంట్లో దూలానికి వాళ్ళ తాత వెదురు విల్లు వేలాడుతూనే ఉండేది. దాన్ని తీసుకురావచ్చని మాస్టారికీ తోచలేదు, మాకూ తోచలేదు. ఇంటి వస్తువు ఇంట్లోది, బడి వస్తువు బడిలోది. ఆ రెండూ కలవకూడదని ఎవరూ చెప్పకుండానే నేర్చేసుకున్నాం. 1922 నుంచి 1924 దాకా అల్లూరితో కలిసి కొట్లాడిన గాం గంటందొర, గాం మల్లుదొర మన్యం అన్నదమ్ములే. మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి పార్లమెంటుకి కూడా ఎన్నికయ్యారు. మా బడిలో ఐదేళ్ళూ ఒక్క పిల్లాడు కూడా గంటందొర వేషం వేయలేదు. ఆ పేర్లు మేం ఇంటర్లో ఉన్నప్పుడు ఒక సీనియరు అన్న చెప్తే విన్నాం.

ఇక సెప్టెంబరు 5. ఆ రోజు స్వపరిపాలన దినోత్సవం, పిల్లలే టీచర్లు. మాలో ఒకమ్మాయి అప్పుడు ఐదో తరగతి. అమ్మ చీర మడిచి కట్టుకుని, చేతిలో బెత్తం పట్టుకుని ఒకటో తరగతికి టీచరమ్మ అయ్యింది. బొమ్మల కార్డు తీసి "ఉ – ఉడుత" అంది. పిల్లలు రోజూలాగే బొమ్మల్లా కూర్చున్నారు. ఆమెకి ఏం తోచిందో ఉడుతని మన భాషలో ఏమంటారో ఆ మాట అంది. అంతే, గదంతా లేచింది. నేను చింతచెట్టు మీద చూశానని ఒకడు, మా నాన్న పట్టాడని ఒకడు, దాని తోక ఇంతుంటుందని ఒకత్తి. జూన్ నుంచి నోరు విప్పని పిల్ల కూడా ఆ రోజు మాట్లాడింది. పక్క నుంచి మాస్టారు కేకేశారు: "ఏయ్, తెలుగులో చెప్పండి, తెలుగులో." గది మళ్ళీ సద్దుమణిగింది.

ఆ మాస్టారు చెడ్డాయన కాదు. రోడ్డు లేని రోజుల్లో కొండెక్కి నడిచి వచ్చేవారు. మాకు జ్వరమొస్తే మాత్రలు తెచ్చేవారు. మేం ఈ రోజు ఇలా రాస్తున్నామంటే ఆయన దిద్దించిన అక్షరాలే. కానీ ఏడాదంతా జరగనిది ఆ పదిహేను నిమిషాల్లో జరిగిందని ఆయనకి కనబడలేదు. మాకూ చాలా ఏళ్ళు కనబడలేదు.

మా ఈడువాడే ఒకడు రెండో తరగతితో బడి మానేశాడు. పేరు రాయం. బడిలో వాడు మాట్లాడేవాడు కాదు, "మొద్దు" అనేవాళ్ళు, మేం కూడా అన్నాం. బడి బయట వాడికి వచ్చినవి మాకెవరికీ రావు. వెదురుతో పిల్లనగ్రోవి చేసేవాడు. ఏ పిట్ట ఏ చెట్టు మీద గూడు కడుతుందో చెప్పేవాడు. తాత పక్కన కూర్చుని ఎనిమిదేళ్ళకే డప్పు దరువు తప్పకుండా వేసేవాడు. బడి మానేశాక జనవరి 26న మేం లోపల సినిమా పాటకి డాన్సు కడుతుంటే, వాడు మేకల్ని వదిలేసి కంచె మీదికి ఎక్కి చూసేవాడు. ఇప్పుడు చెన్నైలో బిల్డింగు పనికి పోతున్నాడు. వాడికి చదువు మీద ఇష్టం లేదని ఊళ్ళో అందరూ అంటారు. వాడికి వచ్చిన ఒక్క పనైనా బడి ఒక్క రోజైనా అడిగి ఉంటే ఏమయ్యేదో మాకు తెలీదు. అడగలేదన్నది మాత్రం తెలుసు.

ఇప్పుడు ఆకుల దగ్గరికొద్దాం. ఆకులు కట్టుకునే మనిషిని మీలో ఎవరైనా మీ ఊళ్ళో చూశారా? మా అవ్వల చీరకట్టు వేరు, పూసల దండలు వేరు, ముక్కుకీ చెవులకీ పెట్టుకునేవి వేరు. పెళ్ళిళ్ళకి, పండగలకి మనవాళ్ళు డప్పు, తుడుము, కొమ్ముబూర పట్టుకుని ఒకరి వెనక ఒకరు అడుగులు వేస్తారు. ఎవరూ ముఖానికి సున్నం చుక్కలు పెట్టుకుని "హుర్రు హుర్రు" అని అరవరు. ఆ వేషం సినిమాల్లోంచి వచ్చింది. హీరో అడవిలో చిక్కుకుంటే చుట్టూ చేరి గెంతేవాళ్ళకి వేయించిన వేషం అది. మనం నవ్వుల పాలయ్యే ఆ వేషాన్ని మన పిల్లలకే కట్టి, మన పేరు మీద జరిగే రోజునే ఆడించి, దానికే ఫస్టు ప్రైజు ఇస్తున్నారు. ఏడేళ్ళ పిల్లకి అది ఏం నేర్పుతుంది? మీ అవ్వ ఎలా ఉంటుందో అలా ఉంటే గెలవవు, బయటివాళ్ళు అనుకునేలా ఉంటేనే గెలుస్తావని నేర్పుతుంది.

ప్రైజు వచ్చిన బడి మాస్టార్లని మేం తప్పు పట్టడం లేదు. పిల్లల్ని ముద్దుగా తయారు చేశారు, కష్టపడి నేర్పించారు. వాళ్ళు కూడా ఆదివాసీ డాన్సు అంటే అదే అనుకుంటున్నారు, ఎందుకంటే వాళ్ళకి ఇంకోటి చూపించినవాళ్ళు లేరు. చూపించాల్సింది మనం. మనం హాస్టళ్ళకి వచ్చేశాం. ఫ్రెషర్స్ డేకి మనమూ సినిమా పాటలకే ఆడాం.

జులై చివర్లో మా బడి కొత్త మాస్టారు ఫోన్ చేసి "బాబూ, పిల్లలకి ఒక ట్రైబల్ డాన్సు నేర్పండి, డ్రెస్సులు టౌన్లో అద్దెకి దొరుకుతాయట" అన్నారు. మేం ఊరెళ్ళి ముందు తాత దగ్గర కూర్చున్నాం. ఆయన ఎజ్జోడు, పండగల్లో పూజ చేసే మనిషి. మేం ఉత్సాహంగా కందికొత్త పండగ ఆటని స్టేజీ మీద వేయిస్తామన్నాం. తాత చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఆ దరువు పండగకే. కాలం కాని కాలంలో కొట్టకూడదు. మైకు ముందు అసలే కొట్టకూడదు." మేం నీరుగారిపోయాం. అప్పుడు ఆయనే అన్నాడు: "పెళ్ళి ఆట ఉంది కదా, కోతల పాట ఉంది కదా, అవి ఎవరైనా ఎక్కడైనా ఆడుకోవచ్చు. అవి నేర్పండి."

ఇది మాకు పెద్ద పాఠం. మన సంస్కృతి బడిలోకి రావాలని మనం గట్టిగా అంటాం. మనది ప్రతిదీ స్టేజీ మీదికి తేవాల్సింది కాదు. ఏది దేవుడి పని, ఏది అందరి ఆట అన్నది పెద్దవాళ్ళకి తెలుసు. మనం హాస్టల్లో పెరిగినవాళ్ళం, మనకి పూర్తిగా తెలీదు. అడగాలి. అడక్కుండా ఎత్తుకొస్తే ఆకులు కట్టినవాళ్ళకీ మనకీ పెద్ద తేడా ఉండదు.

పెళ్ళి ఆట నేర్పుదామని బడికెళ్తే నేర్పాల్సిన పనే పడలేదు. పిల్లలందరికీ వచ్చు. తాత డప్పు కొట్టగానే వరసగా చేతులు పట్టుకుని అడుగు కలిపేశారు. మాస్టారు ఆశ్చర్యపోయి "ఎప్పుడు నేర్చుకున్నారు?" అన్నారు. అదే ఆట మండల కేంద్రంలో ఆడితే ప్రైజు రాలేదు. నిదానంగా ఉందట, జోష్ లేదట. అప్పుడే జీపులో పాప ఆ మాట అడిగింది.

ఆగస్టు 15న ఊళ్ళోనే బడి దగ్గర మళ్ళీ ఆడించాం. ఈసారి మాస్టారే కంచె గేటు తీసి అమ్మల్ని లోపలికి పిలిచి చాపలు వేయించారు. జెండా వందనం అయ్యాక తాత డప్పు, పిల్లల ఆట, వాళ్ళతో పాటు అమ్మలు కూడా లేచారు. ఒకటో తరగతి పాప వాళ్ళ అవ్వ చెప్పిన ఎలుగుబంటి కథ మన భాషలో చెప్పింది. ఊరంతా నవ్వింది. మాస్టారికి అర్థం కాక మమ్మల్ని అడిగి తెలుసుకుని ఆలస్యంగా నవ్వారు. బడిలో మనకంటే ఆలస్యంగా నవ్విన మాస్టార్ని చూడటం మాకు అదే మొదటిసారి. ఐదేళ్ళు అలా ఆలస్యంగా నవ్వింది మేమే కదా.

అంతా బాగా జరిగిందని చెప్పం. ఒక పిల్లాడు జనాన్ని చూసి ఏడ్చాడు. ఒక జాతాపు నాన్న లేచి "అంతా సవర పాటేనా, మా గుంటలు ఈ బడిలో లేరేటి?" అన్నాడు. ఆయన అన్నది నిజమే. మా ఊళ్ళో జాతాపు ఇళ్ళల్లో ఇప్పుడు తెలుగే మాట్లాడతారు. పాత పాటలు ఒక ముసలవ్వకి మాత్రం వచ్చట. ఆవిడ దగ్గర కూర్చుని రాసుకునే పని మా నలుగురిలో జాతాపు తమ్ముడు తీసుకున్నాడు. ఆవిడకి ఇప్పుడు చూపు లేదు, అందుకే తొందరగా చేయాలి.

ఇంకో పది రోజుల్లో ఆగస్టు 29 వస్తోంది. బడుల్లో తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. గిడుగు రామమూర్తి పంతులుగారి ఫొటోకి దండ వేస్తారు, వ్యావహారిక భాష కోసం పోరాడారని చెప్తారు. మా బడిలోనూ ఏటా చెప్పారు. చెప్పనిది ఒకటుంది. ఆయన శ్రీకాకుళం జిల్లాలో 1863లో పుట్టి, పర్లాకిమిడిలో టీచరు పని చేస్తూ సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం బడి పెట్టి సవరలోనే చదువు చెప్పించారు. వాచకాలు రాశారు, పాటలు, కథలు సేకరించారు. సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. పిల్లలకి ఇంట్లో మాట్లాడే మాటతోనే చదువు మొదలవ్వాలని నమ్మిన మనిషి ఆయన. ఆయన పుట్టిన రోజున, సవర పిల్లలున్న బడిలో, ఒక్క సవర మాట వినిపించదు. వినిపిస్తే "తెలుగులో చెప్పండి" అంటారు. ఈ సంగతి మాకు తెలిసిన రోజు మాలో ఒకరం నిజంగా ఏడ్చాం.

ఇవి అడగడం దయ కోసం కాదు. రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది, 1956లో చేర్చారు. తక్కువ మంది మాట్లాడే భాషల పిల్లలకి ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లకు ప్రయత్నించాలని రాష్ట్రాలకి చెప్తుంది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షను కూడా వీలైనంతవరకు మాతృభాషలోనే బోధన ఉండాలంటుంది. అదే చట్టం 21వ సెక్షను ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. అంటే చింతచెట్టు కింద నిలబడ్డ మా అమ్మలే ఆ బడి కమిటీ. వాళ్ళలో చాలామందికి ఆ సంగతి తెలీదు. వేలిముద్ర వేసి వస్తారు. ఉమ్మడి రాష్ట్రంలోనే సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా, ఈ ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకి తెలుగు లిపిలో వాచకాలు కూడా తయారు చేశారు. మా బడిలో ఆ పుస్తకాలు ఇనప పెట్టెలో ఉండేవి. ఎలుకలు కొరికాక బయటపడ్డాయి.

గ్రూపులో కొందరు ఏమంటారో మాకు తెలుసు. "తమ్ముడూ, ఇంగ్లీషు రాక ఇంటర్వ్యూల్లో పోతున్నాం, మీరేమో డప్పులంటారు" అంటారు. మా అమ్మలు కూడా అదే అన్నారు: "ఆట ఇంట్లో ఆడతారు, బడికి చదువుకోడానికి పంపుతున్నాం." ఈ మాటని తేలిగ్గా తీసుకోలేం. మాకూ ఇంగ్లీషు కావాలి, తెలుగు బాగా కావాలి. మేం ఇంటర్లో ఇంగ్లీషులో తప్పి మళ్ళీ రాసి పాసైనవాళ్ళమే. కానీ ఒకటో తరగతిలో నోరు మూసుకుపోయిన పిల్ల పదో తరగతిలో ఇంగ్లీషు ఎలా మాట్లాడుతుంది? ఉడుత అన్న మాటతో లేచిన ఆ గదిని చూస్తే మాకు అర్థమైంది ఇదే. ముందు పిల్ల బడిలో మాట్లాడాలి, తర్వాత ఏ భాషైనా నేర్పొచ్చు. బడి పండగలు ఏడాదికి ఏడెనిమిది రోజులు. ఆ రోజుల్లో పాఠం ఎలాగూ జరగదు. అందుకే మార్పు మొదలుపెట్టడానికి అవే సులువైన రోజులు.

"ఇదంతా టీచర్ల పని కదా" అనీ అంటారు. టీచరు ఒక్కడు, ఐదు తరగతులు, భోజనం లెక్కలు, ఫోన్లో ఫొటోలు ఎక్కించే పని. మన భాష ఆయనకి రాదు. రాని మనిషిని ఎంత తిట్టినా రాదు. వచ్చిన మనం సెలవు రోజున ఊళ్ళో ఉండి కూడా బడి వైపు వెళ్ళం. ఇది మా మీద మేమే చెప్పుకుంటున్న ఫిర్యాదు.

కాబట్టి మేం అనుకున్నవి కొన్ని చెప్తాం. నచ్చితే మీ ఊళ్ళో చేయండి.

ఒకటి, ఈ ఆగస్టు 29న వీలైనవాళ్ళు తమ ఊరి ప్రాథమిక బడికి వెళ్ళండి. ముందు రోజే మాస్టారికి ఫోన్ చేసి పర్మిషన్ అడగండి. గిడుగు వారి గురించి ఐదు నిమిషాలు చెప్పండి, మన భాషలో. తర్వాత ఒక అవ్వ చేత ఒక కథ చెప్పించండి. అంతకంటే ఏమీ అక్కర్లేదు.

రెండు, సెప్టెంబరు 5న ఒకటో తరగతికి టీచరయ్యే పిల్లని మన భాషలో చెప్పనివ్వమని మాస్టార్ని అడగండి. ఆ పదిహేను నిమిషాలు ఆయన్ని వెనక బెంచీలో కూర్చుని చూడమనండి.

మూడు, నవంబరు 14న పిల్లల పండగ, మర్నాడు 15న బిర్సా ముండా జయంతి. 2021 నుంచి దాన్ని జనజాతీయ గౌరవ దివస్‌గా చేస్తున్నారు. ఆ రెండు రోజుల్లో వేషాల పోటీ ఉంటే గంటందొర, మల్లుదొరల వేషం ఒకటి వేయించండి. విల్లు మాత్రం ఇంటిదే పట్టుకెళ్ళండి.

నాలుగు, కందికొత్త పండగకి, కొత్త మామిడి పండగకి ఊరంతా పండగలో ఉంటే పిల్లలకి బడిలో ఆబ్సెంట్ పడుతుంది. తేదీ ఊరిని బట్టి మారుతుంది కాబట్టి క్యాలెండర్లో ఉండదు. బడి కమిటీలో ఉన్న మన అమ్మలు ముందే తేదీ చెప్పి, ఆ రోజు స్థానిక సెలవు అడిగేలా మనం వాళ్ళకి కాగితం రాసిపెట్టాలి. పండగ మర్నాడు పిల్లలు బడిలో దాని బొమ్మ వేయాలి. మన ఇళ్ళ గోడల మీద ఎర్రమట్టి పూసి బియ్యప్పిండితో వేసే బొమ్మలు ఉన్నాయి కదా, బడి గోడ ఒకటి దానికి అడగండి.

ఐదు, ఆకుల వేషం ఎక్కడ కనబడినా లైకు కొట్టకండి. తిట్టకండి కూడా, అక్కడ ఆడుతున్నది చిన్న పిల్లలు. ఆ బడి మాస్టారికి మర్యాదగా ఫోన్ చేసి "సార్, వచ్చే ఏడు మేం వచ్చి సాయం చేస్తాం" అనండి. పోటీలు పెట్టే పెద్దలకి మనం ఒక అర్జీ రాద్దాం. మార్కులు వేసేవాళ్ళలో ఊరి పెద్దలు ఇద్దరు ఉండాలని, డ్రెస్సుకి మార్కులు తీసేయాలని. డ్రాఫ్టు మేం రాస్తాం, సంతకాలు మీరు పెట్టండి.

మొన్న ఊరి నుంచి హాస్టల్‌కి బయల్దేరుతుంటే జీపులో అడిగిన పాప దారిలో కనబడింది. నీళ్ళ బిందెతో ఉంది. మేం ఆగి చెప్పాం: "ఆకులు కట్టుకుంటే ప్రైజు వచ్చేదేమో, నిజమే. కానీ మీ అవ్వ గుర్తుపట్టేది కాదు నిన్ను." పాప కాసేపు ఆలోచించి "మరి మా అవ్వని జడ్జీగా పెట్టొచ్చు కదా" అంది. పైన రాసిన అర్జీ ఆలోచన నిజానికి ఆ పాపదే.

29న ఏ ఊరి బడికి ఎవరు వెళ్తున్నారో కింద రాయండి. తప్పు రాసుంటే సరిదిద్దండి. మీ ఊళ్ళో ఇప్పటికే ఇలాంటివి చేస్తుంటే ఎలా చేస్తున్నారో చెప్పండి, నేర్చుకుంటాం. జై ఆదివాసీ.